కరియ తూకం, సూరి తూకం

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఎన్ని గంటలకు అని. తర్వాత అడిగేది ఎంత దూరంలో అని. ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి డెబ్బై మూడేళ్లలో నాకు కనపడలేదు. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. గాలి, దయ్యం, దిష్టి, ఏవీ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇది రాయడానికి కారణం నా చేతిరాతతోనే ఉన్న ఒక నోటుపుస్తకం.

మా ఊరు హగరి ఏటి పక్కన. నేనూ నా తమ్ముడు సూరీ ఒకే ఇంట్లో ఉంటాం. నా భర్త పోయి పద్దెనిమిదేళ్లయింది. సూరి పెళ్లి చేసుకోలేదు. సండూరు గనుల దగ్గర చాలా ఏళ్లు లారీలు తిప్పి, వాటిని అమ్మేసి, ఇంటి పక్కనే మిరపకాయల గోదాం పెట్టాడు. వాడికి ఉన్న పిచ్చి ఒకటే, ముధోళ్ కుక్కలు. పొడుగు కాళ్లు, పిడికెడు నడుము, నిలబడితే వీపు నా నడుముకు తగిలే వేటకుక్కలు.

గంగి అనే మా ఆడకుక్క ఐదు పిల్లలను పెట్టింది. నాలుగింటిని అడిగినవాళ్లకు ఇచ్చేసి, నల్లటి మగపిల్లను సూరి ఉంచుకున్నాడు. దానికి కరియ అని పేరు పెట్టాడు. దానికి రెండు నెలలు నిండిన వారంలోనే, సూరి కడుపులో గడ్డ ఉందనీ, అది మంచి గడ్డ కాదనీ బళ్లారిలో డాక్టరు చెప్పాడు.

మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి వారం వారం తూకం చూసి రాసుకు రమ్మన్నాడు. పశువుల డాక్టరు కూడా పురుగుల మందు కోసం కుక్కపిల్ల తూకం అడిగాడు. మా గోదాంలో మిరపకాయల బస్తాలు తూచే కాటా ఉంది. వంద గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. సోమవారం పది గంటలకు ఇద్దరినీ అక్కడే తూచేదాన్ని.

కుక్కపిల్ల కాటా మీద నిలబడదు. అందుకని సూరి దాన్ని ఎత్తుకుని నిలబడేవాడు. గోదాంలో పనిచేసే హుసేని అంకె చదివేవాడు. తర్వాత కుక్కపిల్లను నేను అందుకునేదాన్ని, హుసేని మళ్లీ సూరి ఒక్కడి అంకె చదివేవాడు. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే కుక్కపిల్ల తూకం. ఆ తీసివేత మనసులోనే చేసి, సూరి తూకం నోటుపుస్తకం ముందు వైపు, కరియ తూకం వెనక వైపు నుంచి రాసేదాన్ని. ఇద్దరూ కలిసిన అంకెను ఎక్కడా రాయలేదు. దానితో ఎవరికీ పని లేదు కదా.

మొదటి సోమవారం సూరి అరవై మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. కరియ నాలుగు కిలోల రెండు వందలు.

ఆ పిల్ల చేయని ఆగడం లేదు. నా కళ్లజోడు కాలు నమిలింది. ఆరేసిన చీర చెంగు పట్టుకుని వాకిలంతా ఈడ్చింది. రాగిముద్ద మజ్జిగలో కలిపి పెడితే గిన్నెతో సహా మంచం కిందికి లాక్కుపోయేది. తిని వచ్చి సూరి కడుపు మీద తల పెట్టి పడుకునేది. ఎప్పుడూ ఎడమ వైపు, డొక్క కింద, ఒకే చోట. గడ్డ ఉన్నది అక్కడే. తల్లి గంగి మాత్రం ఆ మంచం దగ్గరికి రావడం మానేసింది. గడప బయట కూర్చుని పిల్లనే చూసేది.

సూరికి అన్నం సయించేది కాదు. మందు ఎక్కించిన మర్నాడు నీళ్లు కూడా కక్కేవాడు. తొమ్మిదో సోమవారానికి యాభై ఏడు కిలోల వంద గ్రాములు. తర్వాత వాడికి కుక్కను ఎత్తే బలం లేకపోయింది. కాటా మీద ప్లాస్టిక్ స్టూలు పెట్టి, సున్నా బటన్ నొక్కి, దాని మీద కూర్చోబెట్టి ఒళ్లో కరియను ఉంచేవాళ్లం.

పన్నెండో సోమవారం హుసేని అంకె చదివి ఊరుకోలేదు. పనివాళ్లంతా సూరిని రెడ్డప్ప అంటారు.

“కాటా కెట్టుపోయిండాది, టీచరమ్మా. కుక్కను పట్టుకోని రెడ్డప్ప ఎప్పుడు ఎక్కినా అరవై ఎనిమిదే చూపిస్తాండాది.”

“కాటా బాగానే ఉండాది లే, హుసేనీ,” అన్నాడు సూరి. “నేను తినాల్సింది గూడా వీడే తింటాండాడు. ఇంట్లో కూడు యాడికి పోతాది?”

ఇద్దరూ నవ్వారు. నేను ఇరవై కిలోల గుండ్లు రెండు తెప్పించి కాటా మీద పెట్టించాను. సరిగ్గా నలభై చూపించింది. నేను ఎక్కాను. ఆసుపత్రిలో చూపించిన నా బరువే వచ్చింది. కాటాలో తప్పు లేదు.

మధ్యాహ్నం నోటుపుస్తకం ముందు పేజీ, వెనక పేజీ పక్కపక్కన పెట్టుకుని ఏ వారానికి ఆ వారం అంకెలు కూడి చూశాను. పన్నెండు సోమవారాలలో తొమ్మిదింటికి సరిగ్గా అరవై ఎనిమిది. రెండింటికి వంద గ్రాములు ఎక్కువ, ఒకదానికి వంద తక్కువ. అంతే తేడా.

నన్ను భయపెట్టింది అది కూడా కాదు. ఏడో వారం కరియకు విరేచనాలు పట్టుకుని రెండు రోజులు ఏమీ తినలేదు. నాలుగు వందల గ్రాములు తగ్గింది. ముందు పేజీలో ఆ వారం అంకె చూశాను. సూరి నాలుగు వందల గ్రాములు పెరిగాడు. ఆ సోమవారం మందు పనిచేస్తోందని నేను సంతోషపడి డాక్టరుకు ఫోను కూడా చేశాను.

ఇంకో రెండు వారాలు చూశాను. సూరి యాభై రెండు కిలోల ఆరు వందలకు దిగాడు. కరియ పదిహేను కిలోల నాలుగు వందలు. సూరి చొక్కా వేసుకుంటే భుజాల దగ్గర కొయ్యకు తగిలించినట్టు ఉండేది. వాడు మంచం మీద కళ్లు మూసుకుని ఉంటే, కడుపు మీద తల పెట్టుకుని ఆ కుక్క నున్నగా మెరుస్తూ నా వైపు చూసేది.

నేను అబద్ధం ఆడాను. మందులు పడే మనిషి దగ్గర కుక్కలు ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడన్నాను. సండూరులో మారెప్ప అని, సూరి దగ్గర ఇరవై ఏళ్లు లారీ నడిపిన మనిషి ఉన్నాడు. వాడిని పిలిపించి కరియను అప్పగించాను.

“గంగిని మాత్రం ఉంచుకోవచ్చునా, అక్కా?” అని అడిగాడు సూరి.

“అది దగ్గరికే రాదు కదరా,” అన్నాను.

 కరియ మారెప్ప వెంట గొలుసు లాగించుకోకుండా నడిచి వెళ్లింది.

మరుసటి సోమవారం సూరి నాలుగు వందల గ్రాములు పెరిగాడు. ఆపై వారం ఏడు వందలు. జావ తాగి కక్కకుండా ఉన్నాడు. నేను మారెప్పకు ఫోను చేయకూడదనుకున్నాను. ఆ నిర్ణయం రెండు గంటలు నిలిచింది. కిరాణా అంగట్లో ఇదే పద్ధతిలో కుక్కను ఎత్తుకుని తూచి చెప్పమన్నాను.

పద్నాలుగు కిలోల మూడు వందలు. సూరి ఆ ఉదయం యాభై మూడు ఏడు వందలు. కాగితం మీద కూడాల్సిన పని లేకపోయింది.

“తిండి పెట్టడం లేదా, మారెప్పా?”

“అయ్యో, పెట్టకుండా ఏందమ్మా. మూడు పూట్లా తింటాండాది. నా పిల్లోళ్లకన్నా దానికే ముందు పెడతాండా. ఐనా పక్కటెముకలు కనపడతాండాయి. కదలకుండా సుమ్నే పండుకోని వాకిలి దిక్కే చూస్తాండాది. రెడ్డప్ప కాడికి తోలుకొస్తా, చూస్తే లేస్తాదేమో.”

“ఇంకో వారం చూద్దాం,” అన్నాను.

ఆ మాట నేను మూడు వారాలు అన్నాను. మూడో వారం పశువుల డాక్టరును పిలవమని చెప్పాను. ఆ మాట మొదటి వారమే చెప్పి ఉండాలి. దాని తూకం పెరగకూడదని నేను కోరుకున్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సూరి ప్రతిరోజూ అడిగేవాడు. “కరియ ఎట్లుండాడంట, అక్కా?” బాగానే ఉందని చెప్పేదాన్ని. ఒకరోజు వాడు నన్ను తేరిపార చూసి, “నువ్వు లెక్క చెప్పేటప్పుడు ఇంత తొందరగా చెప్పవే,” అన్నాడు.

పంతొమ్మిదో సోమవారం సూరి యాభై ఆరు కిలోల ఎనిమిది వందలు. మారెప్ప ఫోనులో చెప్పిన అంకె పదకొండు కిలోల రెండు వందలు. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు సూరి కూర్చుని తినడానికి బలమొచ్చి, రెండో ముద్ద అడిగాడు. నాలుగు నెలల్లో అడగడం అదే మొదటిసారి. నేను వంటింట్లో వడ్డిస్తుండగా, గడప బయట గంగి లేచి నిలబడి సండూరు రోడ్డు వైపు తిరిగింది. మొరగలేదు. నేను ముద్ద కంచంలో వేస్తుండగానే ఫోను మోగింది.

మారెప్ప చేశాడు. “పోయిండాది, అమ్మా. ఇప్పుడే.”

సూరి చెయ్యి కంచంలో ఆగిపోయింది.  వాడికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. “చివరి తూకం ఎంత?” అని మాత్రం అడిగాడు. చెప్పాను. చిన్నప్పుడు కూడికలు రాక నా చేత దెబ్బలు తిన్న మనిషి, పెదాలు కదిలించుకుంటూ లెక్క కట్టాడు. హుసేని అరవై ఎనిమిది అని చదివినప్పుడు నవ్వింది వాడే. కంచం పక్కకు నెట్టి, గోడ పట్టుకుని బయటకు నడిచి, గంగి పక్కన నేల మీద కూర్చున్నాడు. గంగి వాడి ఒళ్లో తల పెట్టలేదు. లేచి కూడా పోలేదు.

బళ్లారి డాక్టరు మందు పట్టిందన్నాడు. స్కానింగు ఫొటోలు పెట్టి, గడ్డ ఎంత కరిగిందో చూపించాడు. నేను నమ్ముతాను. సండూరు పశువుల డాక్టరు కరియకు వచ్చింది పిడుదుల నుంచి అంటుకునే జ్వరమనీ, నాలుగు రోజులు ముందు పిలిచి ఉంటే సూదితో తగ్గేదనీ చెప్పాడు. అదీ నమ్ముతాను. వాడు బతకడానికి కారణం ఉంది, అది చావడానికి కారణం ఉంది. ఆ రెండు పేజీల కూడికకు మాత్రం ఏ డాక్టరూ కారణం చెప్పలేదు. చూపిస్తే కాకతాళీయం అన్నారు. ఒకసారైతే నేనూ అనేదాన్ని. పద్దెనిమిదిసార్లు?

సూరి ఇప్పుడు మా మధ్య తిరుగుతున్నాడు. బాగా తింటాడు, నాతో తక్కువ మాట్లాడతాడు. మూడేళ్లయింది. సోమవారం తూకం నేను మానలేదు. ఎన్ని ముద్దలు తిన్నా, జ్వరమొచ్చి పస్తున్నా, కాటా చూపించేది యాభై ఆరు కిలోల ఎనిమిది వందలు. హుసేని ఇప్పుడు అంకె పైకి చదవడు. వేలితో చూపించి పక్కకు తప్పుకుంటాడు.

అరవై ఎనిమిదిలో మిగిలిన పదకొండు కిలోల రెండు వందల గ్రాములు ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. సూరికి రాలేదు.