కోటు విప్పొద్దన్న ఎల్స్పెత్ రెన్నీ

స్కాట్లండ్ తూర్పు తీరంలో ఉంది మా ఊరు. ఇక్కడ ఒంటికి తగ్గ గోల్ఫ్ కర్ర చేయించుకోవాలంటే రెన్నీల దుకాణానికే వెళ్ళాలి. ఇప్పుడా దుకాణం నడిపే ఎల్స్పెత్ వాళ్ళ తాత గాజుపెంకుతో కొయ్యను గీకి, ఆటగాడి చేతికిచ్చి చూసి, మళ్ళీ గీకేవాడు. వాళ్ళ నాన్న రాబ్ కాలానికి కర్రలకి కొయ్య బదులు ఉక్కు కడ్డీలొచ్చాయి. ఆయన మనిషిని దుకాణం వెనక సందులో నిలబెట్టి, మణికట్టు నుంచి నేల దాకా టేపుతో కొలిచి, వలలోకి నాలుగు బంతులు కొట్టించేవాడు. సముద్రపు గాలికి కోటు బిగించుకుని ముప్పై ఏళ్ళు ఆ సందులో వణుకుతూ ఆయన్ని తిట్టుకున్నవాణ్ణి నేను.

రాబ్ పోయాక ఎల్స్పెత్ ఆయన పనిబల్ల తీయించి, బంతి వేగాన్నీ కర్ర వంపునూ లెక్కగట్టే యంత్రం పెట్టింది. ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. "నాన్న కళ్ళు నాకు రాలేదు. ఈ యంత్రం అబద్ధం చెప్పదు," అంది తను, ఎవరికీ జంకకుండా. ఆ పిల్ల ధీమా నాకు నచ్చింది. నా పేరు వాటీ ఇమ్రీ. ఇళ్ళ కప్పులు వేసేవాణ్ణి, ఆ ఏడు గోల్ఫ్ క్లబ్బుకు కెప్టెన్ని కూడా. ఫిబ్రవరిలో బోణీ నాదే. నా ఆట చూశాకే చేయించుకుందామని మరో నలుగురు కాచుకుని కూర్చున్నారు. నా కర్రలు బాగోకపోతే దుకాణం మూసుకోవడమేనని తనకూ తెలుసు.

మే నెల పోటీలో నా బంతులన్నీ ఎడమకే పోయాయి. మూడు తుప్పల్లోకి, రెండు వాగులోకి. "ఏం వాటీ, చేపలకి గోల్ఫ్ నేర్పుతున్నావా?" అన్నాడు నాతో ఆడుతున్న జోడీ. నాకు తిక్కరేగింది. తడి కోటుతోనే దుకాణంలోకి దూసుకెళ్ళి, కర్రను ఎల్స్పెత్ ముందు పడేశాను.

"శనివారం క్లబ్బు విందులో లేచి చెప్పేస్తానమ్మాయ్! దీనికన్నా మా ఆవిడ చీపురు నయం."

"చెప్పండి ఇమ్రీ గారూ. ముందొకటి కొట్టి చూపించండి."

"ఉండు, కోటు విప్పనీ."

"విప్పొద్దు!" అంటూ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. వానకోటు, లోపల రెండు ఉన్ని స్వెట్టర్లు. "రోజూ ఇలాగే ఆడతారా?"

"జూన్‌లో కూడా ఇలాగే. నువ్వీ ఊరిదానివి కాదా ఏంటి?"

"ఫిబ్రవరిలో హీటరు వేసి కోటు విప్పించింది నేనే," అంది నెమ్మదిగా.

కొట్టాను. యంత్రం వేరే లెక్క చూపించింది. అన్ని బట్టలతో నేను ఇంకాస్త వంగుతున్నాను, చేతులు కిందికి దిగుతున్నాయి. కర్ర తల ముందు కొస పైకి లేచి బంతి ఎడమకు పోతోంది. తను కొలిచింది చొక్కా మీదున్న వాటీ ఇమ్రీని. ఆడేది కోట్లో ఉన్నవాడు.

అక్కడికక్కడే కడ్డీని అరంగుళం కోసి, కర్ర తలను పట్టుకారులో బిగించి రెండు డిగ్రీలు వంచింది.

"నాన్న సందులో నిలబెట్టేది దుకాణం ఇరుకు కాబట్టే అనుకున్నాను," అంది.

"నేనూ అంతే. ముసలాడు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ గోలంతా ఉండేదా?"

"అడిగితే చెప్పేవాడు. నేనే అడగలేదు."

ఏడవలేదు. రెండో కర్ర అందుకుంది.

గురువారం గాలివానలో ఆ కర్రలతోనే ఆడాను. బంతి తిన్నగా పోయింది. శనివారం విందులో లేచేసరికి అందరి చెంచాలూ ఆగిపోయాయి. ఎల్స్పెత్ తల దించుకోకుండా నన్నే చూస్తోంది.

"కొలత తప్పింది. తప్పు పట్టుకున్నదీ తనే, సరిచేసిందీ తనే," అన్నాను. "మీరు మాత్రం కోట్లు వేసుకుని వెళ్ళండి."

సోమవారం ఎండ కాసింది. అయినా ఆ నలుగురూ మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ సందులో వరస కట్టారు. ఎల్స్పెత్ యంత్రాన్ని బయటికి మోసుకొచ్చి, వాళ్ళ నాన్న నిలబడే చోట పెట్టింది.