ఖర్జూరం డబ్బాలో సీసం

ఖర్జూరం డబ్బాలో సీసం గుండ్లు పెట్టింది నేనేనని ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఊళ్లో మా బావమరిదికి గొట్టంలో మందు కూరి కాల్చే భర్మారు తుపాకీ ఉంది. పందుల వేటకు గుండ్లు పంపమన్నాడు. బహ్రెయిన్‌లో అలాంటి సరుకు ఎక్కడుంటుందో తెలియక తిరిగి తిరిగి, సనాబిస్‌లో గాలాలమ్మే కొట్టులో వలలకు కట్టే సీసం గుండ్లు కొన్నాను. డబ్బాలో వాటిని పోసి పైన ఖర్జూరం పరిచాను. ఇంటికి పోయేవాళ్లతో సామాన్ పంపడం మా లేబర్ క్యాంపులో మామూలే. నా గదిలో ఉండే కుర్రవాడు చెల్లెలి పెళ్లికి బయల్దేరుతున్నాడు.

"గింత బరువున్నదేందన్నా?"

"మంచి ఖర్జూరం గట్లనే ఉంటది. పెళ్లిల నువ్వు గూడ తిను."

విమానాశ్రయంలో డబ్బాలో గుండ్లు చూసి అతన్ని ఆపి, మర్నాడు వదిలారు. పెళ్లి అతను లేకుండానే అయిపోయింది. క్యాంపుకు తిరిగొచ్చి అతను అడిగితే, ఖర్జూరం కొట్టువాడు డబ్బా మార్చి ఇచ్చాడన్నాను. నమ్మాడు. పైగా నన్నే ఓదార్చాడు. నా మీద నాకే రోత పుట్టింది.

మొన్న అతను పని మానేసి ఊరికి పోతూ, "ఏమన్న పంపేదున్నదా అన్నా?" అని అడిగాడు.

"ఆ గుండ్లు పెట్టింది నేనే తమ్మీ. నీకు అబద్ధం చెప్పిన. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను.