మొదటి మూర

పొద్దున్నే పెరట్లో బావి దగ్గర తుమ్మెద రొద వినిపిస్తే చాలు, చేతిలో ఉన్న పని వదిలేసి లేస్తాను. ఇంట్లో పిల్లలు నవ్వుతారు. అవ్వకు తుమ్మెదతో ఏదో పాత పగ ఉందంటారు. నా పగ తుమ్మెద మీద కాదు. సాయంత్రం మా గుడియాత్తం స్టేషన్‌లో రైలెక్కితే తెల్లారేసరికి చేరుకునే ఒక కాలేజీ మీద. దాన్ని నేనెన్నడూ చూడలేదు. దాని గోడలు ఏ రంగో కూడా తెలియదు. అయినా ఒక ఆడది సవతిని తలచుకున్నట్టు ఇన్నేళ్ళుగా దాన్ని తలచుకుంటూనే ఉన్నాను. మా మరిది మునిరత్నం అక్కడికి చదువుకోవడానికి వెళ్ళి, సగమే తిరిగి వచ్చాడు. మిగతా సగం ఆ కాలేజీ ఉంచేసుకుంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి మా అత్తగారు పోయి ఏడాది కూడా కాలేదు. మునిరత్నానికి అప్పటికి మాటలు సరిగ్గా రాలేదు. మా ఆయన గుంత మగ్గంలో దిగి నేస్తుంటే, నేను ఒక చేత్తో రాట్నం తిప్పి నూలు కండెలు చుడుతూ, ఇంకో చేత్తో వాడి నోట్లో సంకటి ముద్ద పెట్టేదాన్ని. నా కొంగు పట్టుకునే నడక నేర్చాడు. మా నేతగాళ్ళ ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. మగపిల్లవాడు మగ్గం మీద తన చేత్తో మొదలుపెట్టి, తన చేత్తో కోసిన మొదటి బట్టను అమ్మరు. అది తల్లికి కడతారు. మా ఆయన నేసిన మొదటి కోక మా అత్తగారి ఒంటి మీదే కాటికి పోయింది. మునిరత్నానికి తల్లి లేదు గనుక వాడి మొదటి కోక నాదని మా వీధి వీధంతా అనుకునేది. నేనైతే రంగు కూడా ఖాయం చేసుకున్నాను. మామిడిపండు పసుపు, వక్కరంగు అంచు.

కానీ వాడికి చదువు అబ్బింది. వేలూరులో ఉంచి పెద్ద బడిలో చదివించారు. అక్కడి నుంచి వ్యవసాయం నేర్పే ఆ కాలేజీలో చోటు దొరికింది. ఆ మాట విని మా పక్కింటి కన్నమ్మక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

"సెంటు భూమి లేనోళ్ళకి సేద్యం సదువేందే రుక్కమ్మా? గుంత మగ్గంలో నీళ్ళు పోసి వరి నాటతాడా ఏంది?"

"నాటితే నీకొక బస్తా పంపిస్తాలే అక్కా," అన్నాను. పైకి అన్నానే గాని లోపల నాకూ అదే దిగులు. స్టేషన్‌లో రైలు కదిలే ముందు కిటికీలో నుంచి వాడు నా చేయి పట్టుకున్నాడు.

"సదువు ముగించుకోని వచ్చి మగ్గంలో దిగుతా వదినా. మొదటి బట్ట నీదే. మరిచిపోను."

"మరిచిపోతే నేను ఊరుకుంటానా అప్పా?" అన్నాను.

సెలవులకు వచ్చినప్పుడల్లా వాడి నోట్లో కాలేజీ తప్ప ఇంకో మాట ఉండేది కాదు. మా హాస్టలు, మా పొలం, మా పిల్లకాయలు. "మా" అన్నప్పుడల్లా నాకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది. ఆ మాటలో మా ఇల్లు లేదు. వాడికి ఇష్టమని నేను ముళ్ళ వంకాయలు వెతికి తెప్పించి కూర చేస్తే, తింటూ తింటూ, "మా హాస్టల్లో వంటాయన ఇట్లాగే చేస్తాడు వదినా," అన్నాడొకసారి. ఆ పూట నేను మళ్ళీ వడ్డించలేదు.

చదువు ముగిసింది. వేలూరులోనే సర్కారు వ్యవసాయ శాఖలో ఉద్యోగమైంది. రైతులకు విత్తనాల సంగతి, ఎరువుల సంగతి చెప్పే పని. మొదటిసారి పొడుగు సెలవు దొరికి ఇంటికి వచ్చిన రోజునే, చొక్కా విప్పి గోడ మేకుకు తగిలించి, "అన్నా, కొంచెం లేస్తావా, నేను దిగుతా," అన్నాడు. మా ఆయన మగ్గంలో నుంచి పైకి వచ్చాడు. పోగుకు పెట్టే గంజి నేనే కాచాను. ఇంకెవరినీ ఆ కుండ తాకనివ్వలేదు. కన్నమ్మక్కను కేకేసి పిలిచి మరీ చూపించాను.

నూలు తెచ్చాడు. సన్నటిది, తెల్లటిది. "రంగులో ఎప్పుడు ముంచాల?" అని అడిగాను.

"రంగు వద్దు వదినా. తెల్లగానే ఉండాల."

చేతిలో నూలు కింద పెట్టేశాను. "ఏందప్పా ఆ మాట? మీ అన్న రోకలిబండ మాదిరి ఎదురుగా నిలబడి ఉండాడు. నాకెందుకు తెల్లకోక?"

మా ఆయన దగ్గు వచ్చినట్టు నటిస్తూ గోడ వైపు తిరిగాడు. మునిరత్నం మాత్రం నవ్వి నవ్వి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "నీకు కాదు వదినా! పత్తి పూలకి!" అన్నాడు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. పత్తిపూవు పొద్దున విచ్చుకుంటుందట. తుమ్మెద ఇంకో చెట్టు పుప్పొడి కాళ్ళకు అంటించుకుని వచ్చి దాని మీద వాలుతుందట. అప్పుడు ఆ గింజ నుంచి వచ్చే చెట్టు తల్లిచెట్టులా ఉండదట. "మంచి చెట్టు మంచి చెట్టుగానే నిలవాలంటే ముందురోజు సాయంత్రమే మొగ్గకి సంచి కట్టాల వదినా. మా కాలేజీలో కాగితం సంచులు కడతారు. వాన పడితే నాని చినిగిపోతాయి. నా చివరి ఏడు పని అంతా అట్లా ఒక్క వానలో పోయింది. మళ్ళీ మొదలుపెట్టుకోమన్నారు. నా తరువాత పిల్లకాయలు అట్లా ఏడవకూడదు. గాలి పోవాల, తుమ్మెద పోకూడదు. అంత పల్చటి బట్ట నేయగలిగేది మన ఇంట్లో తప్ప యాడ?"

"ఎవురింటి తుమ్మెద ఎవురింటి పూవు మీద వాలితే నీకెందుకప్పా?" అన్నాను.

సాయంత్రానికల్లా వీధంతా తెలిసింది. "చెట్లకి గోషా పెడతాడంట మీ మరిది!" అని కన్నమ్మక్క గడప దగ్గర నిలబడి పాడింది. "ఇన్నాళ్ళు సంకటి పెట్టినదానికి లేదు, చెట్టుకి కోక!" ఆమె ఎగతాళికే అంది. నాకది నిజంలా తగిలింది. ఎందుకంటే నిజమే.

ఆ సెలవంతా మా ఇంట్లో మగ్గం మీద నాడె అటూ ఇటూ టకటకమంటూనే ఉంది. అంత పల్చటి బట్ట మా మగ్గం మీద ఎన్నడూ పుట్టలేదు. దీపం ముందు పట్టుకుంటే అవతలి మంట కనిపించేది. సంచులు కుట్టే పని వచ్చినప్పుడు, కన్నమ్మక్క సూది పట్టుకుని, "నేనూ కొన్ని కుడతా తే," అంది. నేను ఇవ్వలేదు. వాడి మొదటి బట్ట ఎటూ నాకు దక్కలేదు. పోతే పోయింది. అది నా చేతి మీదుగానే పోవాలి. ఒక్కొక్క కుట్టు వేస్తూ ఆ కాలేజీని ఎన్ని తిట్టానో, ఆ తిట్లన్నీ ఆ సంచుల్లోనే ఉండి ఉంటాయి.

వెళ్ళే రోజు పొద్దున మునిరత్నం ఒక మూరెడు ముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. చూశాను. పోగులు ఒక చోట దగ్గరగా, ఒక చోట దూరంగా, ఏటవాలుగా ఉన్నాయి. వాడికి ఇంకా చేయి కుదరక ముందు నేసిన భాగం అది.

"ఇది సంచులకి పనికి రాదు వదినా. మొదట్లో నేసింది. వంకర పోయింది."

"మంచిది వాళ్ళకి, వంకరది నాకా?"

వాడు నవ్వలేదు. "వాళ్ళకి మంచిది కావాల. నీకు మొదటిది కావాల గదా," అన్నాడు.

ఆ ముక్కను తీసుకుపోయి పెరుగుకుండకు మూతగా కట్టాను. వాడు చూడాలనే కట్టాను.

ఆ ఏడు వానలకు బావి పక్కన వాడు కాలేజీ నుంచి తెచ్చిన పత్తిగింజ ఒకటి నాటాడు. అది పూతకొచ్చాక ఒక శనివారం వేలూరు నుంచి వచ్చి, ఆదివారం పొద్దున్నే నన్ను లేపి చెట్టు దగ్గరికి పిలుచుకుపోయాడు. పసుపు పచ్చటి పూవు, నడుమ వక్కరంగు చుక్క. పుట్టినప్పటి నుంచి పత్తి నూలుతో బతికినదాన్ని, నూలు దుమ్ము పీల్చినదాన్ని, పత్తిపూవును చూడటం అదే మొదలు. సాయంత్రానికి అది ఎర్రబడి ముడుచుకుంది. "చూసినావా వదినా, నువ్వడిగిన కోక," అన్నాడు. రంగు వాడికి గుర్తుంది! కోప్పడటానికి చూశాను గాని కుదరలేదు. ఆనాటి నుంచి నూలు చేతికి వస్తే దాని వెనక ఒక పూవు కనిపిస్తుంది. మా వీధిలో ఇంకెవరికీ కనిపించని పూవు. అంతవరకూ నా చేతిలో తిరిగింది దారమే. అది ఒకప్పుడు చెట్టు మీద ఉండేదని నాకు చూపించింది మునిరత్నమే.

ఒకసారి చింతచిగురు పప్పు, వడలు కట్టుకుని వేలూరు వెళ్ళాను. కోట వైపు వీధిలో వాడు అద్దెకున్న గది. తలుపు తోస్తే చాప మీద కాలు పెట్టే చోటు లేదు. కాలేజీ కుర్రాళ్ళు. సెలవులిస్తే తిన్నగా వీడి దగ్గరికే వస్తారట. కాలేజీలో దొరలు ఇంగ్లీషులో చెప్పింది తలకెక్కని వాళ్ళకు వీడు అరవంలో, తెలుగులో మళ్ళీ విడమరిచి చెబుతాడట. నేను విప్పిన మూట నుంచి మొదటి వడ వాళ్ళకే పెట్టాడు. అందులో ఆలంగాయం నుంచి వచ్చినవాడు నన్ను చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు.

"మీరేనా వదిన? కాలేజీలో ఆ బట్ట సంచుల్ని మేము వదిన సంచులనే అంటాము. వాన వస్తే అందరూ అవే అడగతారు."

గదిలో అందరూ నా వైపు చూశారు. సంతోషపడాలని తెలుసు. కానీ నాకు వచ్చిన మాట వేరు. "ఏం నాయనా, మీ ఇండ్లల్లో మీకు వదినలు లేరా? నాకుండే ఒక్క పేరూ మీకే కావాలనా?"

గది గొల్లుమంది. ఆ కుర్రాడు కూడా నవ్వాడు. మునిరత్నం మాత్రం తల వంచుకుని రెండో వడ నా చేతిలో పెట్టి, "నువ్వు తిను," అన్నాడు. ఆ మాట చెప్పినంత మెల్లగా వాడు ఆ గదిలో ఇంకెవరితోనూ మాట్లాడలేదు. ఆ ఒక్కటీ నేను మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

తర్వాత ఏటా వేసవిలో వాడు మగ్గంలో దిగాడు. ఏటా ఆ తెల్లబట్టే. ఏటా నేనే కుట్టాను. పసుపు కోక ఎప్పటికప్పుడు వచ్చే ఏటికి పోయేది. ఒక వానాకాలం, పల్లెల్లో తిరిగి జ్వరంతో వేలూరు గదిలో పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. కర్మ రోజుకు కాలేజీ వాళ్ళు రైలు దిగి వచ్చారు. మా ఇంటి ముందు వరసగా కూర్చుని, నాకంటే గట్టిగా ఏడ్చారు. వాళ్ళ ఏడుపు చూసి కూడా నాకు కడుపు మండింది. ఇది నాది, దీంట్లోనైనా నన్ను ముందు ఉండనివ్వండి అనుకున్నాను.

వాళ్ళు వెళ్ళిపోయాక పెరుగుకుండ మీద నుంచి ఆ వంకర మూరను విప్పి, ఉతికి, మడిచి దాచుకున్నాను. అప్పటి నుంచి ఏ ఏటి గింజ ఆ ఏడు నాటుతూ పత్తిచెట్టును బావి పక్కన నిలబెట్టాను. మొగ్గలు వేసే రోజుల్లో ఆ గుడ్డను తీసి ఒక కొమ్మకు కడతాను. గింజలు అడిగిన వాళ్ళకు మిగతా కాయల్లోవి ఇస్తాను. గుడ్డ కింద కాసిన కాయ మాత్రం ఎవరికీ ఇవ్వను. అది మళ్ళీ ఇక్కడే నాటుకుంటాను.

ఈ పొద్దున తుమ్మెద వచ్చి ఆ గుడ్డను రెండు మూడు సార్లు గుద్దుకుని, దారి దొరకక, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. లోపల పసుపు పూవు విచ్చుకుని ఉంది. పక్కన నిలబడి చూస్తున్న నా మనవరాలు అడిగింది.

"ఒక్క కొమ్మకే ఎందుకవ్వా? చెట్టంతా కప్పరాదా?"

"నాకు దక్కింది మూరెడే గదమ్మా," అన్నాను.