పార్కు గేటు దగ్గర గోంగూర అన్నం

సెలవులకు బెంగళూరు వెళ్ళినప్పుడు, పెద్ద పార్కు గేటు దగ్గర నా క్యారేజీని ఆపిన సెక్యూరిటీ ఆవిడను ఇంకా క్షమించలేదు. లోపల తినకూడదట. తెనాలి వాణ్ణి, ఊరుకుంటానా? పంతానికి ఆమె కుర్చీ ఎదురుగానే అరుగు మీద కూర్చుని మూత తీశాను. ఒక్కరికి సరిపడా గోంగూర అన్నం, కడుపు నిండా ఆకలి.

ఎంత కోపమున్నా ఎదుటి మనిషిని పిలవకుండా ముద్ద ఎత్తలేం. “భోంచేద్దాం రండి,” అన్నాను. “ఇప్పుడే తిన్నానండి” అనడం మా వైపు మర్యాద. కోలారు వైపు తెలుగావిడైన ఆ సెక్యూరిటీ ఆమె మాత్రం “సరే అన్నా” అంటూ తన డబ్బా మూత చాపింది. సగం పెట్టక తప్పలేదు.

“పిలిస్తే వద్దనాలమ్మా. మా ఊళ్ళో అంతే,” అన్నాను.

“వద్దనిపించుకోడానికి పిలవడం దేనికన్నా?” అంది, నిజంగానే తెలుసుకోవాలని.

ఈసారి పిలవకుండానే మిగిలిన గోంగూర అన్నం కూడా ఆవిడ మూతలోనే వేశాను.