నూకరత్నం ఒప్పుకోలేదు

కోవిడ్ తర్వాత పాఠాలు మళ్ళీ తరగతి గదుల్లో మొదలైన ఏడాది, జూన్ నెలలో, విశాఖపట్నంలో నేను పనిచేసిన విశ్వవిద్యాలయం నన్ను అర్థశాస్త్ర బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు చైర్మన్‌గా నియమించింది. ఏ పేపర్లో ఏ యూనిట్లు ఉండాలో, వేటికి ఎన్ని మార్కులో నిర్ణయించేది ఈ బోర్డే. మా తీర్మానం అకడమిక్ కౌన్సిల్‌కు వెళుతుంది. అక్కడ పేజీలు తిప్పేవాళ్ళు తక్కువ. పాఠ్యాంశాల్లో ఇంతవరకూ చోటు లేనివారికి చోటు దొరకాలని ఆ ఏడాది నుంచి బోర్డుల్లో విద్యార్థులను ఆహ్వానితులుగా కూర్చోబెట్టమన్నారు. ఆహ్వానితులకు ఓటు ఉండదు. గడువు ఒక్క ఏడాది.

ఎంఏ రెండో సంవత్సరం చదువుతున్న నూకరత్నం పేరు నేనే రాసి పంపాను. జాలరిపేట అమ్మాయి. తల్లి పోలమ్మ చేపలమ్ముతుంది. తరగతిలో పెద్దగా మాట్లాడేది కాదు. బోర్డులోనూ మాట్లాడదనే అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకోవాలి.

సమావేశానికి వారం ముందు ఆమె సిలబస్ కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది. మా 'తీరప్రాంత ఆర్థిక వ్యవస్థ' పేపర్లో హార్బరు ఉంది, మరబోట్లున్నాయి, రొయ్యల ఎగుమతి ఉంది. చేపలమ్మే ఆడవాళ్ళ మీద పాఠ్యపుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. అది వాళ్ళను నైపుణ్యం లేని శ్రామికులంటుంది. ఏళ్ళ తరబడి ఆ వాక్యాన్ని నేను పాఠంగా చెప్పాను. అందులో నైపుణ్యం ఏముంటుందని అడిగాను. వాదించాలని కాదు, నిజంగానే తెలియక. వచ్చి చూడమంది.

మర్నాడు పొద్దున్నే నూకరత్నంతో జాలరిపేట ఒడ్డుకు వెళ్ళాను. నాటు పడవలు ఒడ్డుకు చేరగానే చేపల్ని ఇసుక మీద కుప్పలు పోశారు. తూకం లేదు. కుప్పను కంటితో అంచనా కట్టి వేలం పాడుతున్నారు. పోలమ్మ, మరో ఇద్దరు కలిసి ఒక కుప్ప పాడుకున్నారు. పోలమ్మ దాన్ని మూడు వాటాలు చేసింది. మిగతా ఇద్దరూ నచ్చినవి తీసుకున్నాక మిగిలిన వాటా తనది. పంచినవాళ్ళు ఆఖర్న తీసుకోవాలన్నది అక్కడి పద్ధతి. ఎండెక్కితే ధర ఎంత త్వరగా పడుతుంది, ఖరీదైన వంజరం ఏ కాలనీకి తీసుకెళతారు, చవక చేపలు కానాగంతలు ఏ పేటలో అమ్ముడవుతాయి అని రెండు గంటలు ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. దేనికీ తడుముకోకుండా జవాబు చెప్పారు వాళ్ళు. నన్ను ఒక కుప్ప బరువు చెప్పమన్నారు. నేను చెప్పింది అసలు బరువులో సగం కూడా లేదట.

“ఏటి బాబూ, సేపలమ్మడం కూడా సదువేనా?” అంది పోలమ్మ. “అలగయితే మీ పిల్లలకి పరీచ్చ నాను పెడతాను. ఎంతమంది పాసవుతారో సూద్దాం.”

తరగతికి వచ్చి ఇదంతా చెబుతారా అని కూతురు అడిగింది. ముగ్గురూ వస్తామన్నారు. మార్కులున్న పాఠమేనని ఆమె వాళ్ళకు చెప్పింది. పక్కనే ఉన్న నేను కాదనలేదు.

బోర్డులో నూకరత్నం దీన్ని రెండో యూనిట్‌గా పెట్టమని అడిగింది. ఒక సీనియర్ సభ్యుడు చేపల బజారుకు సిద్ధాంతం లేదన్నాడు, కౌన్సిల్‌లో అభ్యంతరం లేవనెత్తుతానన్నాడు. గొడవ లేకుండా గట్టెక్కాలని నేను మధ్యేమార్గం చెప్పాను. ఐదో యూనిట్‌గా పెడదాం, విద్యార్థులే స్వయంగా చదువుకుంటారు, పరీక్ష ఉండదు. మా దగ్గర ఐదో యూనిట్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. పాఠం అక్కడికి చేరేలోపు సెమిస్టర్ అయిపోతుంది.

నూకరత్నం లేచి నిలబడింది. “అలాగైతే వద్దు సార్. మార్కుల్లేకపోతే ఎవులూ సదవరు. ఆ వాక్యం ఒక్కటీ కొట్టేయండి, సాలు.”

మా బోర్డులో హాజరు పట్టీ మీద సంతకాలు మొదట్లోనే, టీతో పాటు అయిపోతాయి. ఏం తీర్మానించారో చెప్పే మినిట్స్‌ను తర్వాత చైర్మన్ రాస్తాడు. ఆ హాజరు పట్టీనే వాటికి సంతకాల పేజీగా జతచేస్తారు. దీన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. 'విద్యార్థి ఆహ్వానితురాలి సమ్మతితో, ఏకగ్రీవంగా' ఐదో యూనిట్‌ను చేర్చినట్టు నేను రాశాను. కింద ఆమె సంతకం ఉంది.

కౌన్సిల్ ఆమోదించింది. ప్రతులు బయటికి వచ్చాయి. తాను ఒప్పుకోలేదని ఆమె అంటే, నువ్వే సంతకం పెట్టావు కదా అని తోటి విద్యార్థులు దెప్పారు. ఒడ్డున ఆడవాళ్ళు తరగతి ఎప్పుడని అడుగుతున్నారు.

“నాను ఒప్పుకోలేదు సార్. మీరూ విన్నారు. నా పేరు తీసేయండి,” అంది నా గదికి వచ్చి.

మినిట్స్‌లో సవరణ ఏదైనా వచ్చే సమావేశంలో, వాటిని ధ్రువీకరించేటప్పుడే చేయాలని చెప్పాను. నిబంధన అదే. వచ్చే సమావేశం మరుసటి ఏడాది. అప్పటికి ఆమె గడువు అయిపోతుంది. ఆ సంగతి తెలిసే చెప్పాను. కనీసం ఒడ్డుకు వచ్చి, తాను ఒప్పుకోలేదని తన వాళ్ళకైనా చెప్పమంది. వస్తానన్నాను, వెళ్ళలేదు. మరుసటి ఏడాది కొత్త ఆహ్వానితులు కూర్చున్నారు. పాత మినిట్స్ ధ్రువీకరణ నిమిషంలో అయిపోయింది. నేను స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఆ యూనిట్‌ను ఎవరూ చెప్పలేదు. ఆ వాక్యమూ పుస్తకంలో అలాగే ఉంది.

ఈ మధ్య సవరణ కోరుతూ శాఖకు ఉత్తరం రాశాను. ధ్రువీకరించిన మినిట్స్‌ను మార్చడం కుదరదని, ఉత్తరాన్ని ఫైల్లో ఉంచామని జవాబు వచ్చింది. ఆ తర్వాత జాలరిపేట వెళ్ళి పోలమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చేతిలో పని ఆపి విన్నది.

“అయితే ఒప్పుకోలేదని మా పిల్ల అన్నది అబద్దం కాదన్నమాట,” అంది. “ఒడ్డున అందరూ అబద్దమనే అనీవోరు. నానూ అలాగే అనుకున్నాను.”

బోర్డుల్లో పనిచేసేవారికి నేను చెప్పగలిగింది ఇది. సభ్యులు లేవకముందే తీర్మానాన్ని చదివి వినిపించండి, సంతకాలు ఆ కాగితం మీదే తీసుకోండి. ఆహ్వానితులకు ఓటు లేదు, నిజమే. వాళ్ళు కాదన్నారని రాయడానికి ఓటు అక్కర్లేదు.