అక్క పేజీలో ఒక సవరణ

మా అక్క విజయనగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. సాయంత్రాలు, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కి ఇంగ్లీషులో వివరణ పేజీలు రాసేది. ఆ పని నాకూ నేర్పింది. ఆమె పోయాక ఆ పేజీలు నా చేతికొచ్చాయి.

2013లో, ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఒకాయన మెయిల్ పెట్టాడు. పట్టికలో ఒక విలువ మారిస్తే పాత విలువను కూడా తేదీలతో దానంతటదే దాచి ఉంచే పద్ధతి డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌కి ఉన్న ప్రమాణంలో లేదని అక్క ఒక పేజీలో రాసింది. 2011 ప్రమాణంలో అది చేరింది. ఆ వాక్యం మార్చాలి. చిన్న పనే. కొన్ని వారాలు దాని జోలికి పోలేదు.

ఆ పేజీ మా బావ ఫోన్లో ఉంటుంది. అందులో అక్క పేరు లేదు. ఆయనకి ముక్క అర్థం కాదు. అయినా రోజూ షాపు కట్టేముందు తెరిచి చూసుకుంటాడు. ఆయనకి చెప్పకుండా దాన్ని ముట్టుకోలేకపోయాను. శ్రీకాకుళంలో బస్సెక్కి విజయనగరంలో ఆయన ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి విషయం చెప్పాను.

"అంటే ఏటి, మీ అక్క తప్పు రాసిందంటావు?"

"రాసినప్పుడు ఒప్పే బావా. తర్వాత ప్రమాణం మారిపోనాది."

"ఒప్పైనదాన్ని కొట్టేస్తన్నావేటిరా? పక్కన ఇంకోటి రాసుకో."

"రెండూ ఉంటే సదివినోళ్లు ఏది నమ్ముతారు? ప్రమాణంలో లేదనుకుని, దానితో పొసగకుండా సొంతంగా ఏదో కట్టుకుంటారు."

బావ ఫ్యాన్ కండెన్సర్ కోసం వచ్చినాయనకి అది వెతికిచ్చి పంపాడు.

"తనుంటే ఏటి సేసీది?"

"ఎప్పుడో మార్చేసీది. ఇన్నాళ్లు ఊరుకున్నందుకు నన్ను కడిగేసీది."

"నిన్నొక్కడినేటి, నీతోపాటు నన్నూ వాయించీది." కాస్త నవ్వాడు. "ఇక్కడే సెయ్యి. నేను సూస్తాను."

బల్ల మీది వైరు చుట్టలు జరిపి లాప్‌టాప్ పెట్టాను. అక్క వాక్యం తీసేశాను. ఆ పద్ధతి 2011 ప్రమాణంలో ఉందని, మా సాఫ్ట్‌వేర్‌లోకి ఇంకా రాలేదని రాశాను. బావ తెర మీదికి వంగి చూశాడు.

"మీ అక్కది ఒక లైనే ఉండీది. నీది మూడు లైన్లేటిరా? ఎవుడికి భయపడి రాసినావు?"

మళ్లీ చదివాను. ఇక్కడ ఇంతకుముందున్న వాక్యం అప్పటికి సరైనదేనని కూడా మధ్యలో ఇరికించాను. చదివేవాళ్లకి దానితో పని లేదు. తీసేశాను. రెండు లైన్లయింది.

"ఇంకా పొడుగే," అన్నాడు బావ. "పోన్లే, పెట్టీ."

పెట్టేశాను.