ఇవ్వని రూపాయి

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, నేను యాభై రెండేళ్ళ కుర్రవాణ్ణి. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాడికి చదువులో అదే కుర్రతనం. కిరండూల్‌లో గని కార్మికులు తినే ఓ క్యాంటీన్‌లో గిన్నెలు తోమీ తోమీ కౌంటరు దాకా వచ్చాను. అంతలో కొత్త కాంట్రాక్టరు దిగి, కంప్యూటర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే కౌంటర్లో కూర్చోవాలన్నాడు. లేనివాళ్ళు మళ్ళీ గిన్నెల దగ్గరికే. గిన్నెల మీద నాకు కోపం లేదు, నా నడుముకు ఉంది.

ఆ సర్టిఫికెట్ కోసం కంప్యూటర్ క్లాసులో చేరాను. నేర్పే మేడం విశాఖ వైపు పిల్ల. ఆమెకు సి అనే కంప్యూటర్ భాష వచ్చు కాబట్టి మాకూ సి భాషే (ఇడ్లీలు అమ్మేవాడికి అదెందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు). పరీక్షలో, కస్టమరుకు రావాల్సిన చిల్లర ఏయే బిళ్ళల్లో ఇవ్వాలో చెప్పే ప్రోగ్రాం రాయాలి. రాశాను. పద్దెనిమిది రూపాయలని చెప్పి నడిపించాను. పది, ఐదు, రెండు అని చక్కగా వచ్చాయి. ఆ తర్వాత 'ఇంకా ఇవ్వాల్సింది 1' అని ఓ వరుస. దాని కింద అదే. దాని కిందా అదే. తెర మీద వరుసలు వానలా జారిపోతున్నాయి, ఆగవు. మిషను పాడుచేశానని ఒళ్ళంతా చెమట పట్టింది. తీగ పీకేద్దామని బల్ల కిందికి దూరాను.

"ఏందన్నా, కింద ఏం దేవులాడుతున్నవ్? పారిపోనీకి తొవ్వ దొరికిందా?" అంది పక్క మిషను దగ్గర కూర్చున్న టీ చెల్లె (క్యాంటీన్‌లో టీ కాచేది ఆమే).

"నోర్మూసుకో చెల్లె, ఇది పేలేటట్టున్నది!"

మేడం వచ్చి ఏవో మీటలు నొక్కి దాన్ని ఆపింది. "బయటికి రండి బాబాయ్ గారూ. జేబులో బిళ్ళలు తీయండి. నేను కస్టమర్ని. మీరు రాసిందే చెయ్యండి."

పది పెట్టాను, ఐదు పెట్టాను, రెండు పెట్టాను. ఆగాను.

"ఇంకో రూపాయి?"

"ఇయ్యను."

"అదేంటండీ?"

"బోణీ రూపాయి ఎవ్వరికీ ఇయ్యం మేడం. పొద్దున వచ్చిన మొదటి బిళ్ళ సాయంత్రం దాకా గల్లాల కదలది. అందుకే ఒక్కటి మిగిలితే ఇయ్యొద్దని రాసిన."

"మరి నేనెంతసేపు నిలబడాలి?"

"లెక్క సున్నా అయ్యేదాకా."

"ఎప్పుడవుతుంది?"

వేళ్ళ మీద లెక్కపెట్టబోయాను. టీ చెల్లె అందుకుంది. "మేడం గీడనే ముసల్దైతది గానీ, ఈన ఇయ్యడు!"

గల్లాలో మిగలాల్సిన రూపాయిని కస్టమరుకివ్వాల్సిన దాంట్లో మిగిల్చాను. 'ఒకటి కన్నా ఎక్కువుంటే' అన్నచోట 'ఒకటి ఉన్నా' అని మార్చాలి. అంతే, ఒక్క గుర్తు. దానికి రెండుసార్లు తప్పు మీట నొక్కాను. మళ్ళీ నడిపించి కళ్ళు మూసుకున్నాను. గిన్నెల చప్పుడు చెవుల్లో మోగుతోంది.

"చూడండి బాబాయ్ గారూ," అంది మేడం.

నాలుగు బిళ్ళలు. కింద ఖాళీ.

కౌంటరు దక్కింది. ఇప్పుడక్కడ అందరూ ఫోను చూపించి పోతున్నారట, చిల్లర అడిగేవాడే లేడట. పోనీండి. అంత భయంలో కూడా లేచి ఇంటికి పోని ఆ ముదురు కుర్రవాడంటే నాకు కాస్త ముచ్చట. ఇప్పుడైతే వెళ్ళిపోయేవాణ్ణేమో.